ఓర్సుంలో మొదటి పొరుగు

“కుడిచేతి వైపు ఇల్లు కాదమ్మాయ్, వంటింటి కిటికీకి ఎదురుగా ఉన్న ఇల్లు. మొదటి పొరుగంటే అదీ. నువ్వు వోప్కె ఇల్లు కొన్నావు కదా, దాంతోపాటు నన్నూ కొన్నావు. నేను పోయిన రోజున నాకు స్నానం చేయించేది నువ్వే, గంట కొట్టేది నువ్వే, ఇంటింటికీ తిరిగి కబురు చెప్పేదీ నువ్వే. ఇల్లు అమ్మిపెట్టినాయన ఇవేమీ చెప్పలేదా నీకు?”

చెప్పలేదని నీంకె ఒప్పుకుంది. పైకప్పు కారుతుందని చెప్పాడు, గోడలు చెమ్మ పీలుస్తాయని చెప్పాడు, ఎదురింటి పెద్దమ్మ శవం కూడా తన లెక్కలోకే వస్తుందన్న మాట మాత్రం ఎత్తలేదంది.

“ఎత్తితే నువ్వు పారిపోతావని భయపడుంటాడు,” అంటూ బౌక్యె బిస్కెట్ల డబ్బా ముందుకు తోసింది. నీంకె ఒకటి తీసుకుందో లేదో మూత మళ్ళీ పడిపోయింది. ఓర్సుంలో కప్పు కాఫీకి బిస్కెట్ ఒక్కటే. ఇంకోటి కావాలంటే ఇంకో కప్పు దాకా ఆగాలి.

నీంకె ఈ ఊరికి కొత్త. ఇక్కడి బడి మూసేశాక, మిగిలిన నలుగురైదుగురు పిల్లల్ని వ్యానులో పట్నం బడికి తీసుకెళ్ళి తీసుకొస్తుంది. పొద్దున పిల్లల్ని దింపి వచ్చాక సాయంత్రం దాకా ఆమెకి పని ఉండదు. అందుకని కాఫీ వేళకి ఎదురింటికి వస్తుంది. వచ్చిన మొదట్లో మర్యాద కోసం వచ్చేది. తర్వాత వినడం కోసం రావడం మొదలుపెట్టింది. ఎనభై దాటిన బౌక్యె నడుము వంగింది గానీ మాట వంగలేదు. పుట్టిందీ మెట్టిందీ ఈ ఊళ్ళోనే. పెళ్ళినాడు తన సామానంతా చేతిబండిలో వేసుకుని రోడ్డు దాటానని, తన ప్రయాణాలన్నిట్లోకీ పెద్దది అదేనని నవ్వుతుంది.

ఊరి సంగతులు ఆమె నోట వింటే నిన్నా మొన్నా జరిగినట్టుంటాయి. సముద్రానికి కట్ట లేని రోజుల్లో నీళ్ళు పోటెత్తి వచ్చేవట. పూర్వీకులు తట్టలతో బురదా పేడా మోసి, ఒక్కో తరం ఇంతింత ఎత్తు పెంచి, ఊరు నిలబడ్డ ఈ దిబ్బని లేపారు. దాని నెత్తిన చర్చి కట్టారు. కట్ట వచ్చాక సముద్రం వెనక్కి పోయింది. అప్పుడు బౌక్యె తాత కాలంలో, ఈ దిబ్బ మట్టి మంచి ఎరువని తెలిసి, ఉత్తరపు సగాన్ని తవ్వి పడవల్లో ఇసకనేలల ఊళ్ళకి పంపేశారు.

“ముత్తాతలు మోసి పోసిందాన్ని తాతలు అమ్ముకుతిన్నారు. మా ముత్తాతల ఎముకలు కూడా ఎవరి బంగాళాదుంపల చేలోనో ఉండుంటాయి. దుంపలు బాగానే ఊరాయంట,” అంటుంది బౌక్యె.

అందుకే ఇప్పుడు చర్చికి దక్షిణం వైపు సమాధుల తోట వాలుగా, నెమ్మదిగా దిగుతుంది. ఉత్తరం వైపు మాత్రం గోడ దాటి నాలుగడుగులు వేస్తే నేల తెగిపోయి ఉంటుంది. ప్రతి చలికాలం అక్కడ కాస్త మట్టి జారుతోంది. ఈసారి చర్చి పెద్దలు కూర్చుని నిర్ణయించారు: వసంతంలో యంత్రం తెప్పించి, ఉత్తరపు గోడ కిందినుంచీ మట్టి తీసి, ఇనప రేకులు దింపి, వాలు కొత్తగా కట్టించాలి. ఆ పనికి పటం గీస్తూ సమాధుల చోట్లు కూడా ఖాయం చేస్తున్నారు. బౌక్యెని అడిగారు, ఎక్కడ పడుకుంటావని. భర్త సాకె పక్కన చోటుంది, అక్కడే అని రాసేసుకుందామన్నారు. ఆమె జవాబు చెప్పలేదు. రెండోసారి అడిగితే, నాకింకా నిద్ర రావట్లేదని పంపించేసింది.

ఆ మాటమీదే ఈ రోజు మొదటి పొరుగు సంగతి వచ్చింది.

పొరుగు ధర్మం ఇంటిది, మనిషిది కాదు. ఇల్లు చేతులు మారితే ధర్మమూ మారుతుంది. చావు జరిగిన ఇంట్లో వాళ్ళు ఏ పనీ ముట్టుకోరు. మొదటి పొరుగు అంతా చేస్తుంది, మిగతా ఇళ్ళు వరసలో దాని వెనక నిలబడతాయి. పెట్టెని భుజాన మోసుకుని చర్చి చుట్టూ మూడుసార్లు తిరుగుతారు, ఇంటివాళ్ళు వెనక నడుస్తారు, గంట మోగుతూనే ఉంటుంది. ఇప్పుడు భుజాలు చాలక చక్రాల బండి మీద తోస్తున్నారు. సగం ఇళ్ళు శని ఆదివారాలకి వచ్చిపోయే పట్నంవాళ్ళవి. వాళ్ళ కిటికీ తెరలు వారమంతా మూసి ఉంటాయి.

పూడ్చాక అందరూ కాఫీకి కూర్చుంటారు. అప్పుడు ఇంటి పెద్ద మొదటి పొరుగుని ఒక మాట అడగాలి. “బాగా పడుకున్నాడా?” అంతే. పొరుగు “బాగా పడుకున్నాడు” అని, ఎక్కడ, ఎవరి పక్కన, తల ఏ వైపు, నేల ఎలా ఉంది, అన్నీ చెప్తుంది. ఇంటివాళ్ళు అడిగేదాకా పొరుగు నోరు విప్పకూడదు. ఏడుపు ఇంటివాళ్ళది, దాని తలుపు వాళ్ళే తియ్యాలి. అడక్కపోతే, పొరుగు ఆ సంగతి తనతో తీసుకుపోవాల్సిందే.

“మరి మీరు ఎక్కడ పడుకోవాలో ఎందుకు చెప్పరు పెద్దమ్మా?” అంది నీంకె. “సాకె పెదనాన్న పక్కన వద్దా?”

బౌక్యె వంటింటి కిటికీ వైపు చూసింది. ఆ ఒక్క కిటికీకి మాత్రం ఆమె ఇంట్లో మందపాటి తెర ఉంటుంది. నీంకె కొన్న ఇల్లు, అంటే వోప్కె ఇల్లు, ఆ తెర అవతల ఉంది. వోప్కె పెళ్ళి చేసుకోలేదు. అక్కతో ఉండేవాడు, అక్క పోయాక ఒంటరిగా ఉన్నాడు, మతి తప్పడం మొదలయ్యాక పట్నంలో ముసలివాళ్ళని చూసుకునే చోట చేర్చారు. ఇల్లు అమ్మకానికి వచ్చింది అలాగే.

ఆ రోజు కాఫీ రెండో కప్పు చల్లారిపోయింది. బౌక్యె చెప్పింది.

కాలువలు మందంగా గడ్డకట్టిన చలికాలం అది. జనమంతా గడ్డకట్టిన కాలువల మీద జారుతూ పదకొండు పట్నాలు చుట్టే పందెం గురించే మాట్లాడుకుంటున్నారు. వెళ్ళినవాళ్ళు చాలామంది కళ్ళు చలికి దెబ్బతిని మధ్యలోనే వెనక్కి వచ్చారు. డాక్టరు బౌక్యె కాన్పుకి కాలువ మీదుగా జారుకుంటూ వచ్చాడు. అప్పటికే ఆలస్యమైంది. బిడ్డ చనిపోయి పుట్టాడు. మంత్రసాని గుడ్డలో చుట్టి తీసుకెళ్ళింది, తల్లికి చూపించలేదు. చూడకపోతే త్వరగా మరిచిపోతుందని ఆ రోజుల్లో అందరూ అనేవారు. మంత్రసాని మోచేతి కిందుగా ఒక పాదం కనిపించింది బౌక్యెకి. మడమ మీద చిన్న ముడత ఉంది. ఆమె చూసింది అంతే.

సాకె పశువుల కొట్టంలో పలకలు ఊడదీసి చిన్న పెట్టె చేశాడు. జ్ఞానస్నానం లేని బిడ్డకి గంట లేదు, ఊరేగింపు లేదు, కాఫీ లేదు. పాస్టరుగారు మొదటి పొరుగుని పిలిచి, పొద్దున్నే ఎక్కడో ఒకచోట మర్యాదగా పెట్టి రమ్మన్నారు. పాలు పితికే వేళకి ముందు వోప్కె వచ్చి పెట్టె తీసుకెళ్ళాడు.

తిరిగి వచ్చి వంటింట్లో టోపీ చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. ఆ ఇళ్ళలో మంచాలు గోడలోనే ఉండేవి, తలుపులు మూసుకుని పడుకునేవారు. బౌక్యె ఆ తలుపుల వెనక ఉంది. వోప్కె “అయింది సాకె” అన్నాడు. సాకె “సరే” అన్నాడు. ఇంకేమీ అడగలేదు. గంట కొట్టని చావుకి కాఫీ ఉండదు, కాఫీ లేని చోట ఆ ప్రశ్న ఉండదు. సాకెకి తెలిసిన పద్ధతి అది. వోప్కె ఇంకా నిలబడే ఉన్నాడు. పొయ్యిలో బొగ్గు చిటపటలాడడం వినిపిస్తోంది. సాకె అడుగుతాడేమోనని తలుపుల వెనక బౌక్యె ఊపిరి బిగబట్టుకుంది. కాసేపటికి వోప్కె చెక్కబూట్లు గుమ్మం దాటి వెళ్ళిపోయిన చప్పుడైంది.

ఆమె లేచి తిరగడం మొదలుపెట్టాక, అంగడి ఆవిడ పప్పు తూస్తూ అంది, వోప్కె ఆ పొద్దున పెట్టె చంకలో పెట్టుకుని కాలువ వైపు దిగడం చూశానని. నేల రాయిలా ఉంది కదా, పాపం ఏం చేస్తాడు మరి అని కూడా అంది. 

“అంతే,” అంది బౌక్యె. “ఆ రోజు పప్పు అక్కడే వదిలేసి వచ్చాను.”

“వోప్కెని మీరే అడగాల్సింది కదా పెద్దమ్మా.”

“అడిగితే కాలువ అంటాడు. అడక్కపోతే, బిడ్డ సమాధుల తోటలో ఎక్కడో ఓ మూల ఉన్నాడులే అనుకోవచ్చు. ఒక్కోరోజు ఒక్కోచోట ఉన్నాడనుకునేదాన్ని. ఇన్నేళ్ళలో నేను వాణ్ణి పెట్టని చోటు లేదు అక్కడ.”

వాళ్ళకి మళ్ళీ పిల్లలు పుట్టలేదు. కిటికీకి తెర వచ్చింది. వోప్కెతో వర్షం గురించి, గాలి గురించి తప్ప ఆమె మాట్లాడలేదు. అయినా ధర్మం ధర్మంలాగే నడిచింది. సాకె పోయినప్పుడు స్నానం చేయించింది వోప్కె, గంట కొట్టింది వోప్కె. కాఫీ దగ్గర ఇంటి పెద్దగా బౌక్యె అడిగింది, బాగా పడుకున్నాడా అని. బాగా పడుకున్నాడు, దక్షిణం వైపు, మీ మామగారి పక్కన అన్నాడు. చెప్పడం అయ్యాక కూడా కూర్చోకుండా అలాగే నిలబడ్డాడు, ఇంకో ప్రశ్న ఉందన్నట్టు. ఆమె వెనక్కి తిరిగి కాఫీ పోయడంలో పడిపోయింది.

“ఇప్పుడు యంత్రం వస్తోంది. ఎక్కడ తవ్వుతారో, ఎవరి మీద తవ్వుతారో. సాకె పక్కన పడుకోమంటున్నారు నన్ను. బిడ్డ ఎక్కడున్నాడో తెలియకుండా నేను ఎటు తిరిగి పడుకోను?”

నీంకె ఇంటికి వచ్చింది గానీ స్థిమితంగా కూర్చోలేకపోయింది. ఆమెకి ఒక సంగతి గుర్తొచ్చింది. వోప్కె పేరున ఇంకా వచ్చే ఉత్తరాలు ఇవ్వడానికి ఆమె అప్పుడప్పుడు పట్నంలో అతని దగ్గరికి వెళ్తుంది. అక్కడ పనిచేసే అమ్మాయిలు అతన్ని కావలివాడని ఆటపట్టిస్తారు. రోజూ పొద్దున ఒక ఖాళీ బిస్కెట్ల డబ్బా చంకలో పెట్టుకుని ఆ భవనం చుట్టూ తిరుగుతాడు. డబ్బా లాక్కుంటే చిన్నపిల్లాడిలా ఏడుస్తాడు. నీంకె కూడా ఎన్నోసార్లు చూసి నవ్వుకుంది. ఎన్ని తిరుగుళ్ళో లెక్కపెట్టాలని ఎప్పుడూ తోచలేదు.

మర్నాడు పిల్లల్ని దింపగానే అటే వెళ్ళింది. వ్యానులో కూర్చుని చూసింది. వోప్కె టోపీ పెట్టుకుని బయటికి వచ్చాడు. ఎడమ చంకలో డబ్బా ఉంది. కుడిచెయ్యి కిందికి వేలాడుతోంది, పిడికిలి మాత్రం బిగించి ఉంది. పరుగు లేదు, తడబాటు లేదు. మూడు తిరుగుళ్ళు. మూడోది అయ్యాక ఉత్తరం వైపు గోడలో, నేలమాళిగలోకి దిగే పొట్టి తలుపుకి ఎడమ పక్కన ఆగాడు. వంగి డబ్బా కింద పెట్టాడు. టోపీ తీశాడు. కాసేపు నిలబడి, మళ్ళీ డబ్బా తీసుకుని లోపలికి వెళ్ళిపోయాడు.

నీంకె ఆ కాఫీ వేళకి బౌక్యె ముందు కూర్చుని ఉన్నదున్నట్టు చెప్పింది. తనకేం అనిపించిందో చెప్పలేదు. బౌక్యె మధ్యలో ఒక్కటే అడిగింది.

“ఏ చంక?”

“ఎడమ.”

“కుడిచేతిలో గునపం,” అంది బౌక్యె. “మంచు పగలగొట్టే గునపం. ఊళ్ళో ఒకటే ఉండేది. కాలువ దగ్గర పడవల కొట్టంలో. దానికోసమే దిగాడు అటు.”

ఆమె లేచి డబ్బా మూత తీసి నీంకె ముందు పెట్టింది. మూయడం మరిచిపోయింది.

తర్వాతి శుక్రవారం నీంకె వ్యాను గుమ్మంలో ఆపేసరికి బౌక్యె చావులకి వేసుకునే నల్లకోటు వేసుకుని సిద్ధంగా ఉంది. చేతిసంచిలో చక్కెర రొట్టె ఉంది. పట్నంలోకి రాగానే, నీ వ్యానులో పిల్లల వాసన వస్తోంది, బాగుంది అంది.

వోప్కె అప్పుడే బయటికి వస్తున్నాడు. సన్నగా చినుకులు పడుతున్నాయి. ఆమె పలకరించలేదు. అతను ముందుకు సాగాక, ఇంటివాళ్ళు పెట్టె వెనక నడిచేటంత ఎడంలో వెనక నడవడం మొదలుపెట్టింది. పనిచేసే అమ్మాయిలు కిటికీల్లోంచి చూశారు. ఒకామె తలుపు తీసి, అవ్వా వానలో తడుస్తారు, లోపలికి రండి అంది. నీంకె వెళ్ళి ఆమెతో నెమ్మదిగా ఏదో చెప్పి లోపలికి పంపేసింది. రెండో తిరుగుడులో బౌక్యె కర్ర జారింది, తీసుకుంది, ఎడం పెరగకుండా అందుకుంది. మూడోది అయ్యాక, అతను పొట్టి తలుపు దగ్గర టోపీ తీసినప్పుడు, ఆమె చేతులు ముందు కట్టుకుని తల వంచి నిలబడింది.

పక్కనే బల్ల ఉంది. వోప్కె డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఆమె పక్కన కూర్చుంది. నీంకె గోడ వారగా నిలబడింది.

“ఎవరమ్మా మీరు?” అన్నాడు వోప్కె. “ఇక్కడివాళ్ళలా లేరు.”

“ఓర్సుం.”

“ఓర్సుమా. అయితే గట్టిగా మాట్లాడకండి. ఎదురింట్లో బాలింత పడుకునుంది.”

బౌక్యె కర్ర రెండు చేతులతో పట్టుకుంది. “ఆ పెట్టె ఎక్కడ పెట్టావు వోప్కె?”

“అది మీకెందుకు? అడగాల్సినవాళ్ళు అడిగితే చెప్తాను.”

“ఎవరు అడగాలి?”

“బౌక్యె. ఇంకా అడగలేదు.” అతను చినుకుల వంక చూశాడు. “సాకె అడుగుతాడనుకున్నాను. నిలబడ్డాను. వాడూ అడగలేదు. ఏం చేస్తాం, మంచం మీద ఉంది కదా పాపం. లేచి తిరుగుతుందిగా, అప్పుడు అడుగుతుంది.”

“అడుగుతున్నాను వోప్కె. బాగా పడుకున్నాడా?”

అతను ఆమె మొహంలోకి పరీక్షగా చూశాడు. ఆ మాట అతనికి తెలుసు. పెదవులు కదిలాయి కూడా. తర్వాత జాలిగా నవ్వాడు.

“మీరు మంచివాళ్ళే. కానీ అది బౌక్యె అడగాలి. బౌక్యె చిన్నపిల్ల. మీరు ముసలమ్మ.”

నీంకె మొహం తిప్పుకుంది. బౌక్యె మాత్రం సంచిలోంచి రొట్టె తీసి, తుంచి, అతని చేతిలో పెట్టింది. అతను తిన్నాడు. చక్కెర వేళ్ళకి అంటుకుంటే నాక్కున్నాడు. తింటూ తింటూ, తనలో తాను అనుకుంటున్నట్టు, పెట్టెలో చలిగా ఉంటుందని నా మఫ్లరు వేశాను లోపల, ఆ మాట కూడా చెప్పాలి ఆవిడకి, అన్నాడు.

తిరిగి వస్తూ దారిలో బౌక్యె ఒకే మాట అంది. ఆ చలికాలం వోప్కె అక్క కంచె మీదనుంచి రోజూ వాణ్ణి తిట్టేదట, అమ్మ అల్లిన నీలం మఫ్లరు ఎక్కడ పారేసి వచ్చావురా అని. వాడు దగ్గుతూ, పోయిందిలే అనేవాడట. తెర వెనకనుంచి వింటూ, వీడికి తన మఫ్లరు జాగ్రత్త కూడా లేదు అనుకుందట తను.

దిబ్బ కనిపించగానే చర్చి దగ్గర ఆపమంది. ఉత్తరం వైపుకి నడిచింది. అక్కడ గోడలో ఎప్పుడో ఇటుకలతో మూసేసిన పొట్టి తలుపు ఒకటుంది. దానికి ఎడమ పక్కన నిలబడి కర్రతో గోడ మీద తట్టింది.

“లోపల సరిగ్గా ఇక్కడే పొయ్యి ఉండేది. ఆదివారాలు మాత్రమే కాదు, ఆ ఏడు నీటిగొట్టాలు పగలకుండా రోజూ వెలిగించారు. ఊరు మొత్తంలో గునపం దిగే నేల ఉంటే, అది ఇదే.”

ఆమె వంగలేదు, గడ్డి ముట్టుకోలేదు. కాసేపు ఉండి, చలేస్తోంది పద అంది. ఆ రాత్రి నీంకె తన వంటింట్లో దీపం వేయబోతూ ఆగింది. ఎదురింటి కిటికీకి తెర లేదు.

బౌక్యె ప్రతి శుక్రవారం వెళ్ళింది. ప్రతిసారీ వెనక నడిచింది, ప్రతిసారీ అడిగింది. అతను ఒక్కసారి కూడా ఆమెని గుర్తుపట్టలేదు. ఒకరోజు, మీరు మళ్ళీ వచ్చారే, బౌక్యె ఏమైనా కబురు పంపిందా అన్నాడు. పంపలేదని చెప్పడానికి ఆమెకి నోరు రాలేదు. పంపిందని చెప్పినా అతను నమ్మడు. రొట్టె పెట్టి వచ్చేసింది.

క్రిస్మస్ ఇంకా రాకముందే వోప్కె పోయాడు.

పొరుగు ధర్మంలో ఇంకో సగం అప్పుడు నీంకెకి తెలిసింది. వోప్కె ఇంటికి మొదటి పొరుగు బౌక్యె. అతన్ని ఊరికి తెప్పించాలన్నది ఆమె, స్నానం చేయించడానికి నిలబడ్డది ఆమె. చేతుల్లో బలం లేదు కాబట్టి గంట తాడు నీంకెకి ఇచ్చి, చేతులతో లాగకు, మోకాళ్ళతో లాగు, దాన్ని పైకి పోనీ, అదే నీ దగ్గరికి వస్తుంది అని నేర్పింది. చోటు చూపించిందీ ఆమే. ఉత్తరం వైపు, పొట్టి తలుపుకి కుడిపక్క. చర్చి పెద్దలు అభ్యంతరం చెప్పారు. వసంతంలో అక్కడే కదా యంత్రం దిగేది అన్నారు. మొదటి పొరుగు నేను, చోటు నేను చూపిస్తాను అంది. గొయ్యి తవ్వుతున్నంతసేపూ తలుపుకి ఎడమ వైపు కుర్చీ వేసుకుని కూర్చుంది. తవ్వేవాడి పార ఒక్కసారి అటు జరగబోతే, కర్ర అడ్డం పెట్టింది.

చక్రాల బండి చర్చి చుట్టూ మూడుసార్లు తిరిగింది. వెనక నడవడానికి అతనికి ఇంటివాళ్ళు లేరు. ఊళ్ళో మిగిలినవాళ్ళే నడిచారు.

అందరూ కాఫీకి కూర్చున్నారు. అడగాల్సిన మనిషి లేడు. ఇంటి పెద్ద కుర్చీ ఖాళీగా ఉంది. బౌక్యె బల్లకి అటువైపు, పొరుగు కూర్చునే చోట కూర్చుని నీంకె వంక చూసింది.

“ఇల్లు నీది. నువ్వే అడగాలి.”

నీంకె వెళ్ళి ఆ కుర్చీలో కూర్చుంది.

“బాగా పడుకున్నాడా?”

“బాగా పడుకున్నాడు,” అంది బౌక్యె. లేచి నిలబడి చెప్పింది. “ఉత్తరం వైపు, చిన్న తలుపు దగ్గర. తల తూర్పుకి. నేల మెత్తగానే ఉంది. ఎడమ పక్కన నా కొడుకు ఉన్నాడు.”

ఎవరి చేతిలోని కప్పు వాళ్ళ చేతిలోనే ఆగింది. ఆమెకి కొడుకున్నాడని తెలిసినవాళ్ళు ఆ గదిలో ఇద్దరో ముగ్గురో ఉంటారు. వాళ్ళు కూడా మరిచిపోయారు. ఎవరూ ఏమీ అడగలేదు. ఆమె కూర్చుంది. చక్కెర రొట్టె కోసి పంచింది.

మర్నాడు కాఫీ వేళకి నీంకె వెళ్ళేసరికి బౌక్యె కిటికీ దగ్గర కూర్చుని ఉంది. అదే నల్లకోటు, ఇంకా తీయలేదు. ఎదురింటి ఖాళీ గుమ్మం వంక చూస్తోంది. కప్పులు పెట్టలేదు.

“వాడు నన్ను అడగనివ్వలేదు చూడు చివరికి,” అంది. “తప్పు వాడిది కాదు. పద్ధతి తెలిసినవాడు. మా ఇద్దరికీ పద్ధతి మరీ బాగా తెలుసు.”

నీంకె ఎదురుగా కూర్చోబోయింది.

“కూర్చోకు. నీకు పనుంది. నువ్వు నాకు మొదటి పొరుగువి కదా, ఈ ఇంట్లో ఒక చావు జరిగింది. గంట కొట్టలేదు, కబురు చెప్పలేదు. ముందు వెళ్ళి గంట కొట్టు. చిన్నపిల్లలకి పెద్దగంట వద్దు, పక్కనున్న చిన్నది. తర్వాత ఇంటింటికీ వెళ్ళు. పట్నంవాళ్ళు శనివారం వస్తారు, వాళ్ళకి శనివారం చెప్పు. వసంతంలో ఆ యంత్రం తెస్తాడే, అతనికి కూడా చెప్పు, తలుపుకి ఆ పక్కా ఈ పక్కా రెండు సమాధులున్నాయని. పేరుతో చెప్పు. యెల్మెర్. వాళ్ళ తాత పేరు. సాకెకీ బౌక్యెకీ పుట్టినవాడు.”

“ఎవరైనా ఎప్పుడు పోయాడని అడిగితే?”

“అడగరు అమ్మాయ్. ఈ ఊళ్ళో ఎవరూ అడగరు,” అంది బౌక్యె. “ఎవరూ అడక్కపోయినా నువ్వు చెప్పు. వెళ్ళు.”